పైకేదో, కిందికేదో... గింజకెలా తెలుసు?

తొలకరి పడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది రైతులు నారు పోయకుండా నేరుగా వరి ఎదలు వేస్తారు. గుప్పిట్లోంచి జారిన గింజ ఎలా పడిందో ఎవరు చూస్తారు? ఒకటి బోర్లా, ఒకటి పక్కకి, ఇంకొకటి తలకిందులుగా! పైన మట్టి కప్పేస్తే వెలుగు జాడే తెలియదు. అయినా వేరు కిందికే దిగుతుంది, మొలక పైకే వస్తుంది. ఈ దారి చూపేది ఎవరనుకున్నారు? మనం రోజూ అన్నంలో తినే పిండిపదార్థమే!

వేరు కొనకు చిన్న టోపీలాంటి భాగం ఉంటుంది. దాని మధ్య కణాల్లో పిండి నిండిన రేణువులుంటాయి. కణంలోని ద్రవం కంటే బరువు కాబట్టి, గ్లాసు నీళ్లలో వేసిన ఇసుకలా అవి అడుక్కి చేరతాయి. వేరు పక్కకు ఒరిగితే నిమిషాల్లోనే కొత్త అడుగువైపు జారతాయి. నేల ఎటుందో కణానికి తెలిసేది అలాగే.

ఆ కబురు అందగానే ఆక్సిన్ అనే హార్మోను కిందివైపు ఎక్కువగా చేరుతుంది. వేరులో అది ఎదుగుదలను తగ్గిస్తుంది. దాంతో పైభాగం ఎక్కువ పెరిగి వేరు కిందికి వంగుతుంది. కాండంలోనూ పిండి రేణువులే దిక్కు చెబుతాయి. కాకపోతే అక్కడ ఆక్సిన్ ఎదుగుదలను పెంచుతుంది. కిందిభాగం ఎక్కువ సాగి మొలక పైకి లేస్తుంది. హార్మోను ఒకటే, ఫలితాలు రెండు!

ఈ గుట్టు తెలియడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 1806లో ఇంగ్లండ్‌లో థామస్ నైట్ నీటితో తిరిగే చక్రానికి గింజలు అమర్చి చూశారు. వేళ్లు చక్రం బయటివైపు, మొలకలు మధ్యకు పెరిగాయి. వేరుకు దిక్కు తెలిసేది కొనలోనేనని 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ చెప్పారు. అది పిండి రేణువుల పనేనని 1900లో హాబర్లాంట్, నెమెత్స్ వేర్వేరుగా ప్రతిపాదించారు. పిండి తయారుకాని మొక్కలు నేల దిక్కును అరకొరగానే పసిగడతాయని తర్వాత తేలింది. రేణువుల మీదుండే లేజీ ప్రొటీన్లు కణం అడుగు పొరకు చేరి కబురందిస్తాయని 2023లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

ఇదంతా పుస్తకాల్లో విషయమేనా? కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలాయి, వరిచేలు నేలవాలాయి. అలా పడిన పైరు పచ్చిగా ఉండి, కాడ విరగకపోతే తనంతట తానే కొంత తలెత్తుకోగలదు. కణుపుల దగ్గరా పిండి రేణువులున్నాయి మరి! అవి నేల దిక్కు చెప్పగానే కణుపు కిందివైపు సాగి కాడను పైకి నెడుతుంది. గింజ ముదిరాక కణుపులకు ఆ శక్తి ఉండదు. అప్పుడు రైతే నీరు తీసేసి, దుబ్బులు లేపి కలిపి కట్టాలి. ఆలస్యమైతే వెన్నులోనే గింజ మొలకెత్తే ప్రమాదం.

వేరు ఎంత నిటారుగా దిగుతుందన్నదీ ముఖ్యమే. డీఆర్‌ఓ1 అనే జన్యువును ఐఆర్-64 వరిలోకి తెస్తే వేళ్లు లోతుకు దిగాయనీ, బెట్టలో దిగుబడి మెరుగైందనీ 2013లో వెల్లడైంది. వాననే నమ్ముకున్న మెట్ట పొలాలకు ఇది ఆశ పుట్టించే కబురు.

పిల్లలకు చూపించాలనుందా? నాలుగు పెసలు తడిదూదిలో మొలకెత్తించండి. వేరు అంగుళం పెరిగాక గాజు గ్లాసు గోడకు దూదితో అదిమి, గ్లాసును పక్కకు పడుకోబెట్టి చీకట్లో ఉంచండి. మర్నాటికల్లా వేరు కొన నేలవైపు తిరిగి ఉంటుంది!