తగిలితే ఫౌలేనా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు సాఫ్ట్‌బాల్ టీములో ఆడుతుంది. రెండు నెలల క్రితం పక్క ఊళ్లో మ్యాచంటే నేనూ వెళ్లాను. ఎండలో రెండు గంటలు కూర్చుని ఆఖర్న ఒక్క పరుగు తేడాతో ఓడిపోవడం చూసొచ్చాను. ఓడినందుకు బాధ లేదు. ఆటన్నాక ఒకళ్లు గెలుస్తారు, ఒకళ్లు ఓడతారు. ఓడిన పద్ధతే ఇంకా మింగుడు పడటం లేదు.

ఆఖరి ఇన్నింగ్స్. అప్పటికే ఇద్దరు ఔటు. మా అమ్మాయి మొదటి బేస్‌లో ఉంది. బంతి పిచ్చర్ చెయ్యి దాటగానే రెండో బేస్‌కి పరుగు తీసింది. బ్యాటు పట్టుకున్న పిల్ల గట్టిగా ఊపింది. బంతి బ్యాటు అంచుకి రాసుకుని నేరుగా వెనకున్న క్యాచర్ గ్లోవ్‌లో పడింది. క్యాచర్ శుభ్రంగా పట్టుకుంది, రెండో బేస్‌కి విసిరింది కూడా. అప్పటికే మా పిల్ల చేరిపోయింది. అంతలో అంపైరుగారు రెండు చేతులూ పైకెత్తి "ఫౌల్" అన్నారు. పిల్లని వెనక్కి, మొదటి బేస్‌కి పంపేశారు. తర్వాతి బంతికి మంచి దెబ్బే పడింది, కానీ మొదటి బేస్ నుంచి మూడో బేస్ దాకానే రాగలిగింది. రెండో బేస్ నుంచైతే ఇంటికొచ్చేసేదే!

నాతో కూర్చున్న తల్లులంతా "బ్యాటుకి తగిలింది కదండీ, ఫౌలే మరి" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఏడుస్తూ రూలు పుస్తకం తీసి చూపించేదాకా నాకూ తెలీదు. తగలడం కాదు లెక్క, పట్టడం లెక్క.

మనకి క్రికెట్ అలవాటు కాబట్టి అక్కణ్ణుంచి చెబుతాను. క్రికెట్లో అంచు తగిలి కీపర్ చేతుల్లో పడితే ఔట్. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆటల్లో అలా కాదు. బంతి బ్యాటుకి రాసుకుని సూటిగా, వేగంగా క్యాచర్ దగ్గరికి వెళ్లి, క్యాచర్ దాన్ని కింద పడనీకుండా పట్టుకుంటే దాన్ని ఫౌల్ టిప్ అంటారు. అది మామూలు స్ట్రయికే. కొట్టబోయి పూర్తిగా తప్పిపోయినట్టే లెక్క. ఆట ఆగదు. పరిగెత్తేవాళ్లు పరిగెత్తొచ్చు, క్యాచర్ విసిరి ఔట్ చెయ్యనూ వచ్చు. అప్పటికే రెండు స్ట్రయికులుంటే మాత్రం బ్యాటరు ఔటే. అదే బంతి క్యాచర్ చేతిలోంచి జారిపోతే అప్పుడది ఫౌల్. ఆట ఆగుతుంది, పరిగెత్తినవాళ్లు వెనక్కి రావాలి. రెండు స్ట్రయికుల మీద అలా జారితే బ్యాటరు బతికిపోతుంది. (బంట్ కొట్టినప్పటి సంగతి వేరు. స్లో పిచ్ ఆటలోనూ రూలు వేరు.) బంతి పైకి లేచి వంపు తిరిగి క్యాచర్ చేతికొస్తే అది మామూలు క్యాచే, ఔట్.

ఆ రోజు స్ట్రయికు లెక్క ఎలా పిలిచినా ఒకటే. అదే ఆమెకి మొదటి స్ట్రయికు. మారింది మా అమ్మాయి నిలబడే బేస్ ఒక్కటే.

అంపైర్ల పని తేలికని నేననను. బ్యాటు నుంచి గ్లోవ్‌కి బంతి చేరడం రెప్పపాటు. అంపైరు నిలబడేది క్యాచర్ వీపు వెనక. తగిలిందా లేదా అన్నది చాలాసార్లు చప్పుడుని బట్టే చెప్పాలి. నేలకి తాకాక పట్టారా, ముందే పట్టారా అన్నది వెనక నుంచి కనబడకపోతే బేస్‌ల దగ్గరున్న రెండో అంపైర్ని అడగొచ్చు. మన పిల్లల ఆటల్లో మైదానం మొత్తానికీ ఒక్కరే ఉంటే ఎవర్నడుగుతారు పాపం! రూలు కూడా ఉన్నచోట ఉండదు. అమెరికా మేజర్ లీగ్‌లో మొదట బంతి క్యాచర్ చేతికో గ్లోవ్‌కో తగిలితేనే ఫౌల్ టిప్ అనేవారు. 2021లో దాన్ని మార్చి, ముందు ఒంటికి తగిలి ఆ తర్వాత పట్టుకున్నా చాలన్నారు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమే. కానీ మా మ్యాచిలో ఈ చిక్కులేవీ లేవు. బంతి గ్లోవ్‌లోనే పడింది, అందరం చూశాం.

ఒక చేతి వెనకభాగాన్ని రెండో చేత్తో రాసి, ఆ తర్వాత స్ట్రయికు సైగ చేస్తే అది ఫౌల్ టిప్ అని మైదానమంతటికీ అర్థమవుతుంది. ఆ సైగ ఆ రోజు ఒక్కసారైనా చూశానా అంటే, లేదు.

మ్యాచయ్యాక ఉండబట్టలేక అంపైరుగారి దగ్గరికి వెళ్లి మర్యాదగానే అడిగాను, "ఆఖర్లో ఆ ఫౌల్ ఎందుకిచ్చారండీ?" అని. "అమ్మాయిల ఆటకి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా?" అన్నారాయన. నాకు మండింది అక్కడే. అమ్మాయిలాడితే రూలు మారిపోతుందా?

అసలు అంపైరింగ్ అంటే మగవాళ్ల పని అన్న ఊహ ఆ ఆట పుట్టిన దేశంలోనూ ఉంది. బెర్నీస్ గెరా అనే ఆవిడ కొన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, 1972 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న లీగ్ మ్యాచికి అంపైరుగా నిలబడ్డారు. వృత్తి బేస్‌బాల్‌లో మొదటి మహిళా అంపైరు ఆవిడే. ఆ ఒక్క మ్యాచితోనే విసిగి వదిలేశారు. మేజర్ లీగ్‌లో ఒక మహిళ అంపైరుగా దిగడానికి 2025 ఆగస్టు 9 దాకా పట్టింది. ఆవిడ జెన్ పావల్. కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడారు, అదీ క్యాచర్‌గా! తర్వాత సాఫ్ట్‌బాల్ మ్యాచులకే ఏళ్ల తరబడి అంపైరింగ్ చేసి అక్కడికొచ్చారు. బంతి గ్లోవ్‌లో పడిందా, జారిందా అన్నది క్యాచర్‌గా ఆడినవాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

మన దగ్గర స్కూల్లో, కాలేజీలో ఇంత బాగా ఆడిన అమ్మాయిలు డిగ్రీ అవగానే ఏమైపోతున్నారు? పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పిల్లలు. రూళ్లన్నీ బుర్రలో ఉండి ఇంట్లో కూర్చున్నవాళ్లు మన వీధుల్లోనే ఉంటారు. ఆదివారం పూట ఓ మ్యాచికి అంపైరుగా రమ్మని వాళ్లని పిలిస్తే రారా? సెలవుల్లో నాలుగు రోజులు తర్ఫీదు ఇప్పించి ఇద్దరిద్దర్ని పెడితే నిర్వాహకులకయ్యే ఖర్చెంత? షామియానా ఖర్చంత కూడా కాదు.

మా వారు మాత్రం "మళ్లీ గొడవ పెట్టుకోకు, పిల్లని టీములోంచి తీసేస్తారు" అంటున్నారు. ఆ భయం నాకూ లేకపోలేదు. వచ్చే నెల మళ్లీ మ్యాచులున్నాయి. రూలు పుస్తకంలో ఆ పేజీ జిరాక్సు తీయించి టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకున్నాను. ఈసారి ఆట మొదలవకముందే ఇచ్చొస్తాను.