కబుర్లు చెప్పుకునే హక్కు

ఉండిలో మా స్నేహితురాలొకామె కిందటి నెల మా గ్రూపులోంచి వెళ్ళిపోయింది. గ్రూపంటే పెద్దదేమీ కాదు, వాట్సాప్‌లో తొమ్మిదిమందిమి. చదివిన నవల గురించో, చూసిన సినిమా గురించో రాత్రి అంట్లు తోముకోవడం అయ్యాక రాసుకుంటాం. రాయడం కష్టమనుకున్నవాళ్ళు మాటల్లోనే చెప్పి పంపుతారు. అందులో ఒకామె అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు రొయ్యల ఫ్యాక్టరీకి వెళతారు, ఒకామె కువైట్‌లో ఇంటిపనిలో ఉంది. ఎందుకు వెళ్ళిపోయావని అడిగితే, "ఏం లేదు వదినా, ఆ పనికిమాలిన కబుర్లకి ఫోనెందుకంటున్నారు మీ అన్నయ్య" అంది.

ఆమె భర్త దుర్మార్గుడు కాదు. తాగడు, కొట్టడు. కాకపోతే ఆ ఫోను ఆయన కొన్నది, సిమ్ము ఆయన పేరు మీద ఉన్నది. అందులో ఎవరు ఏం రాశారో ఎప్పుడైనా తెరిచి చూసే అధికారం తనకుందని ఆయన నమ్మకం. ఆమె కూడా అలాగే అనుకుంటోంది. నన్ను కలవరపెట్టింది ఆ రెండోదే.

పనికిమాలిన కబుర్లు అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. కొత్త సినిమా విడుదలైన రోజున మన ఊళ్ళలో మగపిల్లలు కాకాహోటలు దగ్గర చేరి మొదటి ఆట ఎలా ఉంది, ఎంత వసూలు చేసింది అని గంటల తరబడి వాదించుకుంటారు. ఫ్లెక్సీలు కడతారు, కటౌట్లకి పాలు పోస్తారు. దాన్ని అభిమానం అంటారు. అదే సినిమా గురించి ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటే కాలక్షేపం, ఇంకొంచెం ఎక్కువైతే ఇల్లు పట్టకపోవడం!

నిజానికి ఈ కబుర్లకి మన దగ్గర చాలా చరిత్ర ఉంది. వారపత్రికల కాలంలో ఒక్క పత్రిక నాలుగిళ్ళు తిరిగేది. సీరియల్ కాగితాలు చింపి, వరసగా పేర్చి దారంతో కుట్టుకునేవాళ్ళు. అద్దె లైబ్రరీ నుంచి ఒకామె తెచ్చిన నవల గడువు తీరేలోపు ముగ్గురు చదివేసేవారు. మధ్యాహ్నం అరుగు మీద చేరి ఆ కథానాయిక అలా చేసి ఉండకూడదని ఒకరు, ఎందుకు చేయకూడదని మరొకరు వాదులాడుకునేవారు. తమ కాపురంలో సంగతి పైకి చెప్పుకోలేనివాళ్ళు నవలలో పాత్ర మీద పెట్టి చెప్పుకునేవాళ్ళు. ఆ నవలల్లో ఆరడుగుల హీరోలూ, కార్లూ, బంగళాలూ ఉంటాయని మన ఉద్యమంలో కొందరం వాటిని తీసిపారేశాం. అందులో నేనూ ఉన్నాను. ఇప్పుడు తప్పనిపిస్తోంది. మనం విమర్శించింది నవలనే గానీ, దాని చుట్టూ కూర్చున్న నలుగురినీ చూడలేదు. ఆ పత్రిక పేటలోకి వెళ్ళేది కాదన్నదీ అప్పట్లో మాకు కనిపించలేదు.

మన జిల్లా బొమ్మిడిలో 1939లో పుట్టి, తాడేపల్లిగూడెంలో హైస్కూలుతోనే చదువు ఆగిపోయిన రంగనాయకమ్మగారు రాసిన 'బలిపీఠం'ను 1975లో పాలకొల్లువాడైన దాసరి నారాయణరావు సినిమాగా తీశారు. నవల చదివినవాళ్ళు సినిమాతోనూ, సినిమా చూసినవాళ్ళు నవలతోనూ పోట్లాడుకోవడానికి కాలేజీ చదువు అక్కర్లేకపోయింది. పక్కన వినే మనిషి ఉంటే చాలు.

ఇదంతా సరదా విషయం, హక్కుల పత్రికలో దీనికి చోటెందుకు, కూలిరేట్లూ వరకట్నం లేవా అని మన సంఘంలోనే ఒకరు అడిగారు. దూబగుంటను గుర్తు చేశాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత కేంద్రాల్లో స్త్రీలు చదివిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. కథే, నినాదం కాదు. అది చదివి, ఇది మన కథలాగే ఉందే అని మాట్లాడుకున్న ఆడవాళ్ళు 1992లో ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అందరి కబుర్లూ అంతదాకా వెళతాయని కాదు. వెళ్ళనక్కర్లేదు కూడా. ఏ మాట ఎక్కడికి దారి తీస్తుందో ముందే తేల్చేసి 'పనికిమాలిన' అని ముద్ర వేసే అధికారం ఎవరికిచ్చాం అన్నదే నా ప్రశ్న.

మా గ్రూపులో అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' మీద. 2021 జనవరిలో వచ్చిన మలయాళ చిత్రం. పెద్ద సంస్థలు ముందు తీసుకోకపోతే నీస్ట్రీమ్ అనే చిన్న వేదిక మీద విడుదలైంది. చూసినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడం వల్లే దేశమంతా తెలిసింది. మాలో ఎవరికీ మలయాళం రాదు. "వంటిల్లేగా వదినా, భాషెందుకు" అంది ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మాయి. కారే సింకు కింద గిన్నె పెట్టుకునే ఆ సన్నివేశం చూసి, కువైట్ నుంచి మా స్నేహితురాలు పది నిమిషాలు మాట్లాడి పంపింది. తను చేసే వంటింటి గురించి అంతకుముందు మాతో ఎప్పుడూ చెప్పలేదు.

మరి ఈ అవకాశం ఎంతమందికుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు 49 మంది. తానే వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సగానికి లోపే. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉంటాయి. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది ఆమెది కావడం వేరు.

ఫోను సొంతమైనా, నలుగురిలో అభిప్రాయం చెబితే ఏమవుతుందో చూశాం. తెలుగులో 'బంగారం', 'వాన' సినిమాల్లో నటించిన మీరా చోప్రా 2020 జూన్‌లో ట్విట్టర్‌లో ఎవరో అడిగితే, ఒక అగ్ర హీరోకి తాను అభిమానిని కాననీ, మరొకరంటే ఇష్టమనీ చెప్పింది. అంతే. అత్యాచారం చేస్తామని, యాసిడ్ పోస్తామని బెదిరింపులు వచ్చాయి. ఆమె హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులకి ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. ఏ హీరో ఇష్టమో చెప్పినందుకు! అందుకే మాలాంటివాళ్ళం చిన్న గ్రూపుల్లోకి ముడుచుకుంటున్నాం. పాత టూరింగ్ టాకీసుల్లో ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు అని మధ్యలో అడ్డు ఉండేది. అక్కడ కూర్చుంటే భద్రంగానే ఉండేది, కానీ హాల్లో మన గొంతు వినిపించేది కాదు. మా గ్రూపూ అలాంటిదేనేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

చట్టం ఈ విషయంలో కొంత ముందే ఉంది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాస్తే, ఆమె స్నేహితురాలు దాన్ని 'లైక్' చేసింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. నచ్చిందని చెప్పడం కూడా నేరమైంది. ఆ తర్వాత నడిచిన కేసులోనే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు మనకి ఇంకా దగ్గరిది. సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోను అప్పగించాలన్న నియమానికి ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమని కోర్టు ఆదేశించింది. మన ఇళ్ళలో ఆ 6 నుంచి 10 ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా?

సంఘం చేయగలిగినవి ఉన్నాయి. సిమ్ము తన పేరు మీద తీసుకోవడం, ఫోనుకి తన తాళం తనే పెట్టుకోవడం గురించి మన సమావేశాల్లో పొదుపు ఖాతా గురించి చెప్పినంత గట్టిగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఫిర్యాదు ఏ పోలీసు స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మీ పరిధి కాదు పొమ్మనే వీల్లేదు. ఇంకొకటి, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనందరం కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయంలో ఆడవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, పని తీరే వేళల్లో తెరిచి ఉంచడం అడగడానికి మొహమాటమెందుకు?

వెళ్ళిపోయినామెకి ఇప్పుడు పుస్తకాలు చేతికే ఇస్తున్నాం. ఆదివారం చేపలకి వచ్చినప్పుడు సంచిలో పెట్టి పంపుతాం. మొన్న ఒక పుస్తకం తిరిగొచ్చింది. ఒక పేజీ అంచున పెన్సిలుతో నాలుగు లైన్లు రాసి ఉంది. అవేమిటో ఇక్కడ రాయడం లేదు, ఆమెని ఇంకా అడగలేదు.