నోటు బాకీకి మూడేళ్లు, ప్రాణానికి ఆర్నెల్లా?

ప్రామిసరీ నోటు మీద అప్పు వసూలుకు దావా వేయడానికి చట్టం మూడేళ్లు గడువిస్తుంది. అదే లారీ గుద్ది మనిషి పోతే, పరిహారం అడగడానికి ఆర్నెల్లే. ప్రకాశం జిల్లాలో ఇరవై ఆరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ లెక్క ఏ క్లయింటుకూ నచ్చజెప్పలేకపోయాను.

నిరుడు ఒకామె వచ్చింది. చంకలో నెలల బిడ్డ, చేతిలో చీరల కొట్టు కవరు. అందులో ఎఫ్‌ఐఆర్ జిరాక్సు, పోస్ట్‌మార్టం రిపోర్టు, మడతల దగ్గర చిరిగిన రేషన్ కార్డు. భర్త పోయేనాటికి ఆమెకు అయిదో నెల. పుట్టింటికెళ్లి పురుడు పోసుకుని, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది నెలలు దాటాయి. "గడువుందని ఎవరూ చెప్పలేదు సార్" అంది. దినకార్యం నాడు ఎవరు చెబుతారు?

1988 మోటారు వాహనాల చట్టంలోనూ ఆర్నెల్ల గడువుండేది. తగిన కారణం చూపితే ఏడాది దాకా ఒప్పుకునేవారు. 1994లో పార్లమెంటే దాన్ని ఎత్తేసింది. 2019 సవరణ మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఈసారి ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు కూడా రాయలేదు. గుద్ది పారిపోయిన కేసుల్లో మరణానికి 25 వేలున్న పరిహారాన్ని 2 లక్షలు చేసిందీ ఆ సవరణే. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే.

గడువు లేకపోతే పాత ప్రమాదాల్లో ఇన్సూరెన్సు ఉన్న బండ్లను ఇరికిస్తారని బీమా కంపెనీలు అంటాయి. నిజమే, మా వకీళ్లలోనూ అలాంటి ఘనులున్నారు. కానీ ఆ దొంగతనం దొరికేది ఎఫ్‌ఐఆర్ తేదీలో, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో. దొంగ క్లెయిము వేసేవాడికి గడువు బాగా గుర్తుంటుంది. దాటేది బాలింతలు, మంచం పట్టినవాళ్లు.

పోలీసులు పంపే ప్రమాద నివేదికనే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ క్లెయిముగా తీసుకోవాలని ఆ చట్టం 166(4) సెక్షన్ చెబుతోంది. అది సవ్యంగా నడిస్తే ఈ గొడవే ఉండదు. నేను చూసిన కేసుల్లో నడవలేదు.

గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది వచ్చాకే ఆమె పిటిషన్‌కు నంబరు పడింది. మధ్యంతరం మధ్యంతరమే, దాన్ని నమ్ముకుని ఆమెకు ధైర్యం చెప్పలేను. ఆర్నెల్ల గడువు పెట్టిన 166(3)ని తీసేస్తూ పార్లమెంటు ఒక బిల్లు తేవాలి. అర పేజీ కూడా పట్టదు.