బిచ్కుంద బతుకు లెక్క బయటపెట్టండి

మా బిచ్కుంద ఇప్పుడు మున్సిపాలిటీ. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి తర్వాత కామారెడ్డి జిల్లాలో నాలుగోది. సంతోషమే. కానీ ఇక్కడ ఎవరెవరున్నారు, ఏ పని చేసి బతుకుతున్నారు అని అడిగితే ఇప్పటికీ 2011 జనాభా లెక్కలే దిక్కు. ఆ ఏడు పుట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చారు.

జనగణన శాఖ కొలమానం ప్రకారం ఊరు పట్టణం కావాలంటే కనీసం 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవారిలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ప్రభుత్వం మున్సిపాలిటీగా ప్రకటించిన ఊరికి ఈ పరీక్ష ఉండదు. మా ఊరి బతుకేమో ఇంకా నల్లరేగడి మీదే. పత్తి, సోయా చేతికొస్తే కిరాణా కొట్టు, బట్టల దుకాణం, ట్రాక్టర్ మెకానిక్ అందరికీ గిరాకీ. వాన దెబ్బతీస్తే అందరికీ ఉద్దెరే.

గ్రామీణ ఉపాధి పథకం పేరేదైనా, పనులు పంచాయతీల్లోనే. మున్సిపాలిటీ అయ్యాక కలుపు తీసే ఆడకూలీకి ఎండాకాలం పని ఎవరివ్వాలి? అలాంటివాళ్లు ఏ వార్డులో ఎంతమంది? ముందు తేల్చాల్సింది ఇది.

2011 ఫిబ్రవరిలో టీచరుగా నేను ఇల్లిల్లూ తిరిగి జనాభా లెక్కలు రాశాను. ఒక ఇంట్లో మాతృభాష అడిగితే అత్త మరాఠీ అంది, కోడలు కన్నడ అంది, మనవడు తెలుగు అన్నాడు. పక్క వీధిలో ఉర్దూ, తండాలో లంబాడీ. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఊరు ఇలాగే ఉంటుంది. జిల్లా మొత్తాల్లో కలిపేస్తే ఇవేవీ కనిపించవు. బడికి, ఆస్పత్రికి మాత్రం ఇవే కావాలి.

అమెరికాలో 2005 నుంచి 'అమెరికన్ కమ్యూనిటీ సర్వే' ఏటా జరుగుతోంది. అక్కడి చిన్న టౌనుకు కూడా కుటుంబ ఆదాయం, ఇంట్లో మాట్లాడే భాష, పనికెళ్లడానికి పట్టే సమయం ఐదేళ్ల అంచనాలుగా ఎవరికైనా దొరుకుతాయి. డాలస్‌లో ఉన్న మన పిల్లవాడు ఇల్లు కొనబోయే టౌను లెక్కలు చూసుకోగలడు. సొంతూరివి చూడలేడు.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి సర్వేలో చదువు, కులం, భూమి, ఆదాయం, అప్పు, వలస అన్నీ అడిగింది. ఆ వివరాల్లోంచి పేర్లు తీసేసి, వార్డులవారీగా మొత్తాలు మున్సిపల్ ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. పన్నులు, పైపులైన్లు, బడ్జెట్ ఆ తర్వాతే.

మా ఊరివాళ్లకూ ఒక మాట. 2027 ఫిబ్రవరిలో జనగణనకు వచ్చేవాళ్లకు కౌలు సేద్యమైనా, కూలిపనైనా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 1948 జనగణన చట్టం ప్రకారం మీరిచ్చే వివరాలు రహస్యం. వాటితో రేషన్ కార్డు పోదు. లెక్కలో ఉన్నప్పుడే మన వార్డుకు నీళ్లు, పని, బడి గట్టిగా అడగగలం.