చంటిపిల్లా, సముద్రమూ, మా అత్తగారూ

మన తెలుగు సినిమాల్లో సముద్రం ఎవరికోసం వుందో ఎప్పుడైనా గమనించారా? పెళ్ళికాని వాళ్ళకోసం! హీరో పరిగెడతాడు, హీరోయిన్ పరిగెడుతుంది, కెరటం వచ్చి ఇద్దరి కాళ్ళూ తడుపుతుంది. పెళ్ళయి ఓ పాపో బాబో పుట్టేసరికి కథలోంచి సముద్రం మాయమైపోతుంది. ఆ తర్వాత వాళ్ళకి దక్కేది ఉయ్యాల, జోలపాట, జ్వరం, డాక్టరు. 1978లో బాలచందర్ గారు తీసిన 'మరో చరిత్ర' చూసి ఎంతమంది కుర్రకారు విశాఖపట్నానికీ, భీమిలికీ రైలెక్కేరో! వాళ్ళలో ఒక్కళ్ళయినా చంకన చంటిపిల్లని పెట్టుకుని ఎక్కి వుంటారా అని నాకు అనుమానం. అదే కథ 1981లో 'ఏక్ దూజే కే లియే' అయి గోవాకి వెళ్ళింది. అక్కడా అంతే. చంటిపిల్లల జోలికి పోలేదు.

పోనీలెండి, పోకపోవడమే మంచిది. మూడు నెలల లోపు పసివాళ్ళని పాలిచ్చే ప్రచారానికో, టీకాల ప్రచారానికో తప్ప చిత్రీకరణలో వాడకూడదని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2022లో తయారుచేసిన ముసాయిదాలో వుంది. పసికందుల్ని కళ్ళు జిగేల్మనే లైట్ల ముందు పెట్టొద్దని కూడా అన్నారు. మరి సూర్యుడికన్నా పెద్ద లైటు ఏ స్టూడియోలో వుంది చెప్పండి? తెల్లటి ఇసక మీద, నీళ్ళ మీద పడి తిరిగి మొహాన కొట్టే ఎండ ఆ లైట్లకి తాత! ఆరు నెలల లోపు పాపల్ని నేరుగా ఎండలో వుంచొద్దనీ, ఆ వయసులో ఎండకు పూసుకునే క్రీములు కూడా పూయొద్దనీ పిల్లల డాక్టర్లు చెప్పేది అందుకే.

మా పాపకి ఏడో నెల వచ్చింది. అన్నప్రాశన అయింది. ఆ మాటకొస్తే నా సెలవు కూడా అయిపోవచ్చింది. 2017లో చట్టం సవరించాక ప్రసూతి సెలవు 26 వారాలైంది. దానికి నేను దాచుకున్న సెలవులు తగిలించుకుని ఏడో నెల దాకా లాక్కొచ్చాను. సోమవారం ఆఫీసుకి వెళ్ళాలి. పాపని మా అత్తగారి చేతుల్లో పెట్టి వెళ్ళాలి. ఆవిడ ముగ్గుర్ని పెంచిన మనిషి. కానీ ఆవిడ పద్ధతులు ఆవిడవి, నా పుస్తకాలు నావి. మా ఇద్దరి మధ్యా పాలపీక దగ్గర్నుంచి పక్కబట్ట దాకా ఎన్ని రౌండ్ల చర్చలు జరిగాయో మా శ్రీవారిని అడిగితే చెబుతారు. పాపం ఆయన రెండువైపులా తల వూపి వూపి మెడనొప్పి తెచ్చుకున్నారు. ఈ గొడవలో ఆయనకి తట్టిన ఉపాయమే ఈ సముద్రయాత్ర. "ఆఫీసు మొదలెట్టేముందు నాలుగు రోజులు భీమిలి వెళ్ళొద్దాం, అమ్మ కూడా వస్తుంది" అన్నారు.

'అత్తగారు' అనగానే భానుమతిగారి 'అత్తగారి కథలు' తలుచుకుని నవ్వుకోవడానికి సిద్ధమైపోతున్నారేమో. కాస్త ఆగండి.

"చంటిదాంతో సముద్రమా? పర్వదినం కాకుండా సముద్రాన్ని ముట్టుకోకూడదే అమ్మాయ్! వెళితే పున్నమికి వెళదాం" అన్నారావిడ. తెనాలి వైపు మనిషి. ఆవిడకి సముద్రమంటే సూర్యలంక, సూర్యలంకంటే కార్తీక పున్నమి. మా శ్రీవారు గతుక్కుమన్నారు. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒక వరసలోకి వస్తాయి కనుక ఆ రోజుల్లో పోటు ఎక్కువ. పైగా పర్వదినం జనం. పసిపిల్లని తీసుకెళ్ళకూడని రోజేదైనా వుంటే అదే! సప్తమీ అష్టముల్లో చంద్రుడు సగం వుంటాడు, అప్పుడు పోటు తగ్గుతుంది. అందుకని ఈయన అష్టమి అన్నారు. "అష్టమినాడు ప్రయాణమట్రా, నీకు మతిపోయిందా?" అని ఆవిడ.

తల్లీకొడుకులు క్యాలెండరు చెరో అంచూ పట్టుకుని లాక్కుంటుంటే పాపకి పాలిస్తూ నేను కూడా ఓ కన్నేశాను. రథసప్తమి! పర్వదినానికి పర్వదినం, స్నానాల పండగ. పోటు తక్కువ వుండే రోజులకి దగ్గర. షష్ఠి సాయంత్రం బయల్దేరితే అష్టమి గొడవే లేదు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఫర్వాలేదే, పంచాంగం చూడ్డం వచ్చే నీకు" అన్నారు. ఏడు నెలల్లో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 1974 నుంచి ఎన్ని కుటుంబాల్ని రాత్రికి రాత్రి మోసిందో ఆ బండి! అయిదేళ్ళ లోపు పిల్లలకి టిక్కెట్టు లేదు, కాబట్టి బెర్తూ లేదు. 2022లో లక్నో మెయిల్లో తల్లి బెర్తు పక్కన మడత తీసే చిన్న బెర్తు ఒకటి బిగించి చూశారట. ఆ ముచ్చట మా బండి దాకా రాలేదు. పాపని గోడవైపు పడుకోబెట్టి, నేను బెర్తు అంచున ఒంటిపక్కన పడుకున్నాను. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూద్దును కదా, కింద చాపేసుకుని అత్తగారు కూర్చుని వున్నారు. "ఎదర బెర్తు వుందిగా అత్తయ్యగారూ?" అంటే, "వుందిలే. నువ్వు నిద్దట్లో కాస్త జరిగితే పిల్లకి గాలాడదు. నేను చూస్తుంటా, నువ్వు పడుకో" అన్నారు. చాన్నాళ్ళకి ఆ రాత్రి మూడుగంటలు ఏకబిగిన నిద్రపోయాను, అదీ రైల్లో!

రథసప్తమి పొద్దున్న భీమిలి హోటలు గదిలో దిగాం. అరసవల్లి కూడా వెళ్ళొద్దామన్నారు అత్తగారు. ఆ రోజు సూర్యదేవుడి గుడి దగ్గర జనసముద్రం వుంటుందని చెప్పి ఆపాం. ఈవిడ తలా భుజాల మీదా జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తుంటే నాకు గుండెల్లో రాయి పడింది. జిల్లేడు పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదం! పాపకీ పెడతారేమోనని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ సంచీలోంచి ఒక్క చిక్కుడాకు తీసి పాప నెత్తిన ఇలా పెట్టి అలా తీసేశారు. "జిల్లేడు పసిపిల్లలకి పెట్టరే, కళ్ళు పోతాయి" అని నాకే చెప్పారు. నేనేమీ అనలేదు.

తర్వాత సాంబ్రాణి. ఇంట్లో లాగే చిన్న మూకుడులో నిప్పు చేసి, సాంబ్రాణి చల్లి, పాప జుట్టుకి పొగ పట్టబోయారు. హోటలు గది కప్పుకి పొగని పసిగట్టే యంత్రం ఒకటి వుంటుందని ఆవిడకేం తెలుసు? కూతపెట్టింది చూడండి, నలుగురు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకడి చేతిలో మంటలార్పే సిలిండరు! అంత గోలలోనూ పాప మాత్రం ఆ కూత వింటూ బోసినవ్వులు నవ్వుతోంది. "ఏవయ్యా, పిల్లల తల్లులు దిగరా మీ హోటల్లో?" అని అత్తగారు వాళ్ళనే ఎదురడిగారు. సినిమా అయితే ఇక్కడ ఇంటర్వెల్ వేసేవాళ్ళు.

సముద్రం దగ్గరికి సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళాం. మన తూర్పు తీరంలో ఒక సుఖం వుంది. సూర్యుడు నీళ్ళలోంచి పుట్టి ఊరి వెనక్కి వెళ్ళి పడుకుంటాడు. సాయంత్రమయ్యేసరికి ఎండ మన వీపుకి తగులుతుందే కానీ సముద్రం మీంచి కళ్ళలో కొట్టదు. ఆ రోజుల్లో ఆరు లోపే పొద్దు గూకుతుంది. ఆ గంటన్నర చాలు. పొద్దునైతే ఎండ ముదరకముందే వెళ్ళి తొమ్మిదిలోపు గదికి చేరుకోవాలి. మధ్యలో వున్న పగలంతా కొత్త దంపతులకీ కెమెరా యూనిట్లకీ వదిలెయ్యండి.

సంచీలో ఏమేం పెట్టుకోవాలని మీలో కొందరైనా అడుగుతారు. నేను పెద్ద జాబితానే రాసుకెళ్ళాను. వాడింది మాత్రం ఎక్కువగా ఒక్కటే, అత్తగారి పాత నేతచీర. రెండు కుర్చీల మధ్య కడితే పందిరి, పరిస్తే పక్క, కప్పుకుంటే పాలివ్వడానికి చాటు. ఈ చివరిది చిన్న సంగతి కాదు సుమండీ! మన తీరాల్లో మిరపకాయ బజ్జీలకీ మురీ మిక్చరుకీ బండి లేని చోటుండదు. తల్లి కూర్చుని బిడ్డకి పాలివ్వడానికి నాలుగు గోడలు దొరకడం మాత్రం అరుదు. అత్తగారు ఆ చీర పరదాలా పట్టుకుని అరగంట నిలబడ్డారు, అటు చూసిన వాళ్ళకేసి గుర్రుగా చూస్తూ!

బయల్దేరేముందు పాపకి కొబ్బరినూనె దట్టంగా పట్టించారు. ఫలితం మీరూహించుకోవచ్చు. ఇసక అంటి పాప నువ్వులు అద్దిన అరిసెలా తయారైంది. తడిగుడ్డతో రుద్దబోతే ఆపి, "రుద్దకే, చర్మం గీరుకుపోద్ది. ఆరనివ్వు" అన్నారు. ఆరాక పొడి మెత్తటిగుడ్డతో దులిపారు, గదికెళ్ళాక గోరువెచ్చటి మంచినీళ్ళు పోశారు. ఉప్పునీళ్ళు ఒంటిమీద ఆరిపోతే పసి చర్మం పొడిబారిపోతుంది. నా పుస్తకంలోనూ అచ్చం అలాగే వుంది. కాకపోతే అరిసె గురించి లేదు.

ఇంతకీ పాప సముద్రాన్ని చూసి ఏం చేసిందంటారా? అసలు చూస్తేగా! మొదట ఆ హోరుకి కింది పెదవి బయటికొచ్చింది. ఏడుస్తుందనుకున్నాం, ఏడవలేదు. పక్కనే పడుకున్న ఓ వీధికుక్కని చూసి కాళ్ళూ చేతులూ ఆడించి కేరింతలు కొట్టింది. ఇంత బంగాళాఖాతం ఎదురుగా పెట్టుకుని!

ఆ సమయంలోనే ఒక ఫొటోల అబ్బాయి వచ్చాడు. నిమిషంలో అచ్చువేసి చేతికిస్తానన్నాడు. నీళ్ళ అంచున ఓ ప్లాస్టిక్ కుర్చీ వేసి, "పాపని కూచోబెట్టండి సార్, వెనకాల కెరటం వస్తుంది, అచ్చం సినిమా స్టిల్లే" అన్నాడు. మా శ్రీవారికి హుషారొచ్చింది. పాపని ఎత్తుకుని రెండడుగులు వేశారు. నాకూ ఆ ఫొటో మీద ఆశగానే వుంది. సోమవారం ఆఫీసు బల్లమీద పెట్టుకోవచ్చు కదా.

"ఆగరా!" అన్నారు అత్తగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కుర్చీ కింద ఇసక తడిగా లేదూ? ఇందాక అక్కడిదాకా వచ్చి వెళ్ళిందన్నమాట. మళ్ళీ రాదని రాసిచ్చాడా నీకు?"

"చిన్న కెరటాలేనమ్మా" అన్నాడా అబ్బాయి.

"అన్నీ ఒక్కలా రావు నాయనా. నాలుగు చిన్నవొచ్చాక ఒక పెద్దది వస్తుంది" అంటూ పాపని కొడుకు చేతుల్లోంచి లాక్కుని పైకి నడిచారు.

మరీ నాలుగు కాదు కానీ, పది లెక్కపెట్టేలోగా వచ్చింది. పెద్దదేం కాదు. మోకాలి ఎత్తు వుంటుందేమో. కుర్చీ పల్టీకొట్టి నీళ్ళతోపాటు వెనక్కి జారింది. అబ్బాయి కెమెరా పైకెత్తుకుని ఎగిరాడు, చెప్పొకటి పోయింది. వచ్చే నీళ్ళకంటే వెనక్కి పోయే నీళ్ళు కాళ్ళకింద ఇసకని కోసుకుపోయే తీరు చూస్తే తెలుస్తుంది, పెద్దవాళ్ళు కూడా ఎలా పడిపోతారో. మా ఆయన మొహం తెల్లబోయింది. నా చేతులు చాలాసేపు వణికాయి. అత్తగారు మాత్రం పొడి ఇసక మీద చతికిలబడి పాప కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లెక్కపెడుతున్నారు.

ఆ రాత్రి దిష్టి తియ్యాలి, గదిలో ఉప్పు లేదన్నారు. "బయటంతా ఉప్పేగా అమ్మా" అని మా శ్రీవారు జోకేశారు. ఎవరం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న మేం ముగ్గురం, పాప, పొడి ఇసక మీద కూర్చున్నాం. పాప అత్తగారి ఒళ్ళో వుంది. ఆ రోజు అష్టమి, సముద్రాన్ని ముట్టుకోకూడని రోజు. ఎక్కడో విరిగిన కెరటం తాలూకు నురగ, ఇంత పల్చగా, పాకుతూ పాకుతూ వచ్చి పాప ఎడమకాలి బొటనవేలికి తగిలి ఇంకిపోయింది. పాప వేలు ముడుచుకుని, మళ్ళీ చాపింది.

"మనం ముట్టుకోలేదమ్మాయ్, ఆయనే వచ్చి ముట్టుకున్నాడు" అన్నారు అత్తగారు, తీర్పు చెప్పినట్టు.

సోమవారం ఆఫీసుకెళ్ళాను. ఫొటో లేదు కనుక బల్ల మీద ఏమీ పెట్టుకోలేదు. పదకొండింటికి ఇంటికి ఫోన్ చేస్తే అటునుంచి ముందు "హో... హో..." అని పెద్ద హోరు వినిపించింది. భీమిలి నుంచి వచ్చాక పాప ఆ శబ్దం లేనిదే పడుకోవడం లేదు. అమ్మ కడుపులో విన్న రక్తప్రవాహం చప్పుడుకి దగ్గరగా వుంటుంది కాబట్టే పసివాళ్ళకి ఇలాంటి హోరు హాయిగా వుంటుందంటారు. హైదరాబాదులో సముద్రం ఎక్కడ దొరుకుతుంది? అందుకని అత్తగారే నోటితో కెరటాలు వేస్తున్నారు.

"నిద్రపోయిందా అత్తయ్యగారూ?"

"ఇప్పుడే రెప్పలు వాలుస్తోంది. నువ్వు తిన్నావా? హో... హో... సరే వుంటా, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి!"