ఆ నంబరు రక్తానిదా, ల్యాబుదా?

మొన్న సికింద్రాబాదులో ఓ ల్యాబువాళ్లు నాన్నగారికి "మీ డీఎన్ఏకి ఆక్సిడేషన్ దెబ్బ ఎక్కువ" అని రిపోర్టిచ్చారు, విటమిన్ మాత్రల చీటీతో సహా! ఆయనకి రెండు రాత్రులు నిద్రలేదు. ఏ పద్ధతిలో కొలిచారండీ అంటే జవాబు లేదు.

అసలు సంగతేంటంటే, కణంలోంచి డీఎన్ఏని బయటికి తీసేటప్పుడే అది కొంత ఆక్సిడైజ్ అవుతుంది. బగ్ పట్టుకుందామని పెట్టిన ప్రింట్ స్టేట్‌మెంటే కొత్త బగ్ పుట్టించినట్టన్నమాట. యూరప్‌లో ఎస్కాడ్ అనే ల్యాబుల బృందం మనుషుల లింఫోసైట్లలో 8-ఆక్సోగ్వానిన్ కొలిచి లెక్కలు బయటపెట్టింది. పది లక్షల గ్వానిన్లకి క్రోమటోగ్రఫీలో 4.24, కామెట్ పరీక్ష లాంటి ఎంజైము పద్ధతుల్లో 0.34. పన్నెండు రెట్లు తేడా!

పద్ధతి రాయని నంబరు యూనిట్ రాయని వేరియబుల్ లాంటిదే. దాన్ని నమ్మి మాత్రలు మింగాలా? డబ్బు కట్టేముందే అడగండి బాబూ.