బాక్స్ మీద సీఎఫ్ఎం చూసి ఫ్యాన్ కొనకండి

పీసీ ఫ్యాన్ కొనేటప్పుడు చాలామంది చూసేవి రెండే: ఆర్‌జీబీ లైట్లు, బాక్స్ మీద సీఎఫ్ఎం నంబర్. లైట్ల సంగతి మీ ఇష్టం. ఆ నంబర్‌ను మాత్రం నమ్మొద్దంటాను.

అది ఫ్యాన్‌కు ఏ అడ్డూ లేనప్పటి లెక్క. పక్కనే రాసే స్టాటిక్ ప్రెషర్ ఏమో గాలి అస్సలు కదలనప్పటిది. రెండూ ఒకేసారి ఎప్పుడూ రావు. నాక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25నే తీసుకోండి. 2000 ఆర్‌పీఎం దగ్గర గంటకు 102.1 ఘనపు మీటర్ల గాలి, 2.34 మిల్లీమీటర్ల నీటి ప్రెషర్ అని ఉంటుంది. మంచి ఫ్యానే, కానీ మీ కేబినెట్‌లో డస్ట్ ఫిల్టర్, రేడియేటర్ అడ్డుంటాయి కదా. అది పనిచేసేది ఈ రెండు చివర్ల మధ్య ఎక్కడో.

అసలు కథ బ్లేడు మీద జరుగుతుంది. బ్లేడును ఆనుకుని పల్చటి గాలి పొర ఉంటుంది, అదే బౌండరీ లేయర్. 1904లో ప్రాండ్టల్ చెప్పిన ఐడియా. గాలి వెళ్లే దిశలో ప్రెషర్ తగ్గుతూ పోతే ఆ పొర హాయిగా సాగిపోతుంది. పెరుగుతూ పోతే ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టే. బ్లేడును ఆనుకున్న గాలికి అసలే వేగం తక్కువ. అది ఆగి, వెనక్కి తిరిగి, చివరికి పొర బ్లేడు నుంచి ఊడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

టర్బులెన్స్ అంటే చెడ్డదే అనుకోకండి. సుడులు పైనున్న వేగమైన గాలిని కిందికి తెస్తాయి కాబట్టి టర్బులెంట్ పొర ఇంకాస్త దూరం అంటుకునే ఉంటుంది. గోల్ఫ్ బంతికి గుంటలు పెట్టేది ఇందుకే. రాపిడి పెరుగుతుంది, అది వేరే ఖర్చు. పైన చెప్పిన నాక్టువా బ్లేడ్లకు సక్షన్ వైపు సన్నటి గాడులుంటాయి. పొర ఊడటాన్ని తగ్గించడానికే అవి అని కంపెనీ చెబుతుంది.

అడ్డు పెరిగితే గాలి తగ్గుతుంది, బ్లేడుకు గాలి తగిలే కోణం పెరుగుతుంది, సక్షన్ వైపు ఎదురు ప్రెషర్ ఇంకా నిటారుగా పెరుగుతుంది. ఇక గోల ఎక్కువ, గాలి తక్కువ. అప్పుడు మనం చేసేదేంటి? ఆర్‌పీఎం పెంచుతాం! అడ్డు అలాగే ఉంటే కోణమూ దాదాపు అలాగే ఉంటుంది, స్టాల్ పోదు, గోలే పెరుగుతుంది.

అందుకే పీ-క్యూ కర్వ్ ఇవ్వని ఫ్యాన్‌కు నేను ఎక్కువ ధర పెట్టను. ఏ ప్రెషర్ దగ్గర ఎంత గాలి వస్తుందో చూపించే గ్రాఫ్ అది. మధ్యలో గీత కుంగితే అక్కడే స్టాల్ ఉందని అర్థం. రివ్యూలు చేసేవాళ్లు కూడా ఫ్యాన్‌ను టేబుల్ మీద ఖాళీగా తిప్పి మార్కులు వేయడం మానేసి, రేడియేటర్‌కు బిగించి కొలవాలి.